ఆంప్లిఫయరుల తారతమ్యము



ఇంటనే కూర్చుండి మంచి సంగీతమును వినగోరువారికి నేడు అంగడిలో దొరకు సాధనములకు మితి లేదు. అందు స్టీరియో ఆంప్లిఫయరు ముఖ్యమైనది. పదివేల రూపాయలకు ఒక ఆంప్లిఫయరు దొరకును. లక్షకు ఒకటి దొరకును. ఒక యిల్లు కొనదగిన వెలకును ఒకటి దొరకును. మూడును చేయు పని యొక్కటియే. అట్లయినచో ఈ వెలల భేదమునకు తగిన నాదభేదము నిజముగా నున్నదా, ఉన్నచో అది యెక్కడ నున్నది, దానిని మన చెవులతో మన మెట్లు పరీక్షించుకొనవలెను అను ప్రశ్నలను గూర్చి యీ ప్రసంగమున విచారింతము.

ఇది ధనికుల వినోదమునకు సంబంధించిన విచారమని కొందరికి తోచవచ్చును. కాని సంగీతాభిమానులలో అధికసంఖ్యాకులు సామాన్య గృహస్థులు. ఉద్యోగమునుండి విరమించునప్పుడు చేతికి వచ్చిన సొమ్ములో కొంత తీసి, చిరకాలముగా వాయిదా వేసికొనుచు వచ్చిన కోరికను తీర్చుకొనువారు పలువురు గలరు. వారు అంగడికి పోయినప్పుడు రెండు విధములైన మాటలు వినబడును. "ఆంప్లిఫయరులన్నియు నొక్కటియే, తక్కువ వెలది కొనుడు" అనువారు కొందరు. "వెల హెచ్చినకొలది నాదము హెచ్చును, అది మీకు వినబడకున్నచో మీ చెవికి ఇంకను సంస్కారము చాలదు" అనువారు మఱికొందరు. ఈ రెండవమాట మిక్కిలి హానికరము. ఏలయన, అది సొమ్మునే గాక మనుజునకు తన చెవియందుగల నమ్మకమును గూడ అపహరించును. కావున సత్యము ఈ రెండు మాటల నడుమ ఏ చోట నున్నదో తెలిసికొనుట అవసరము.

మొదట ఆంప్లిఫయరు చేయు పని యెట్టిదో చూతము. గ్రామఫోను రికార్డుమీద నడచు సూదినుండి సాధారణముగా వచ్చు విద్యుత్సంకేతము ఒక వోల్టులో వేయింట ఐదు వంతులు మాత్రమే. కాంపాక్టు డిస్కు యంత్రమునుండి వచ్చునది గరిష్ఠముగా 2 వోల్టుల ప్రాంతమున నుండును. వోల్టులు కొన్ని యున్నను, లౌడుస్పీకరులోని శంకువును ముందునకు వెనుకకు ఆడింపజాలిన కరెంటు బలము వాని వెనుక లేదు. ఆ బలమును చేర్చునదే ఆంప్లిఫయరు.

అది చిన్న సంకేతమును సాగదీసి పెద్దదిగా చేయునని పలువురు తలంతురు. జరుగునది వేఱు. పెద్ద చెఱువు కట్టక్రింద తూము కలదు గదా! తూము తలుపును ఎత్తుటకును దించుటకును ఒక్క మనుష్యుని చేయి చాలును. కాని తలుపుక్రిందనుండి పాఱు నీరు వందల యెకరములను తడుపును. ఆ నీటి బలము మనుష్యునిది కాదు, చెఱువుది. మనుష్యుని చేయి ఎంత నీరు పోవలెనో నిర్ణయించుచున్నది, అంతియే. ఆంప్లిఫయరునందు చెఱువు అనగా గోడలోని 230 వోల్టుల విద్యుత్తునుండి ట్రాన్సుఫార్మరు ద్వారా వచ్చి కెపాసిటరులలో నిలువయున్న శక్తి. తూము అనగా వాల్వు లేక ట్రాన్సిస్టరు. తలుపు నెత్తు చేయి సంగీత సంకేతము. కావున ఏ ఆంప్లిఫయరునైనను రెండు ప్రశ్నలు అడుగవలెను. తూము చేతికి తు.చ. తప్పక లోబడుచున్నదా? చెఱువులో చాలినంత నీరు ఉన్నదా? మొదటిది స్వచ్ఛతకు సంబంధించిన ప్రశ్న, రెండవది శక్తికి సంబంధించినది. తారతమ్యమంతయు నీ రెండు ప్రశ్నలలో నిమిడియున్నది.

స్టీరియో అనగా అట్టి ఆంప్లిఫయరులు రెండు ఒకే పెట్టెలో నుండుట. ఎడమ చెవివైపు ఒకటి, కుడివైపు ఒకటి. రెండు స్పీకరుల మధ్య గాయకుడు కూర్చున్నట్లును, ప్రక్కల మృదంగము, వయొలిను ఉన్నట్లును భ్రమ కలిగించు ఈ పద్ధతికి 1931లో ఇంగ్లండునందు ఆలన్ బ్లమ్లైన్ అను ఇంజనీరు పేటెంటు కోరెను. స్టీరియో రికార్డులు సామాన్యుల యిండ్లకు వచ్చుట 1958 ప్రాంతమున జరిగెను.

తూము తలుపు చేతికి లోబడుట అంత సులభము కాదు. 1906లో అమెరికావాడైన లీ డి ఫారెస్టు మూడు ఎలక్ట్రోడుల వాల్వును నిర్మించిన పిమ్మట బలహీన సంకేతములను బలపఱచుట సాధ్యమయ్యెను. కాని వాల్వు తనలోనికి వచ్చిన తరంగమును ఉన్నదున్నట్లు వెలుపలికి పంపదు; ఒకవైపు కొంచెము వంచును, శిఖరమును కొంచెము అణచును. ఈ వంకరకు డిస్టార్షను అని పేరు; మనము వికృతి అందము. వేల మైళ్ల టెలిఫోను తీగపై నొకదాని వెంబడి నొకటిగా ఆంప్లిఫయరులను ఉంచినప్పుడు ఈ వికృతి కూడుచు కూడుచు మాటయే తెలియకుండునట్లు చేయుచుండెను. బెల్ టెలిఫోను ప్రయోగశాలలో పని చేయు హెరాల్డు బ్లాకు అను ఇంజనీరు దీనికి చికిత్స వెదకుచుండెను. 1927 ఆగస్టు 2వ తేదీ ఉదయమున, పనికి పోవుచు హడ్సన్ నదిని పడవపై దాటునప్పుడు, ఆయనకు మార్గము స్ఫురించెను. చేతనున్న న్యూయార్కు టైమ్సు పత్రికలోని ఖాళీతావున దానిని లిఖించుకొనెను.

ఆ యుపాయమునకు నెగెటివు ఫీడుబ్యాకు అని పేరు. వెలుపలికి వచ్చిన తరంగములో కొలది భాగమును వెనుకకు తెచ్చి, లోపలికి వచ్చుచున్న తరంగముతో పోల్చి, భేదమున్నంత మేరకు దిద్దుకొనుట దీని సారము. శిష్యుడు పాడిన స్వరమును గురువు విని శ్రుతి తప్పినంత మేర సవరించునట్లు ఆంప్లిఫయరు తన్ను తానే సవరించుకొనును. దీనివలన లబ్ధిలో కొంత పోవును. కాని వికృతి అదే నిష్పత్తిలో తగ్గును.

ఇంటి సంగీతమునకు ఈ పద్ధతి వచ్చి చేరుటకు ఇంచుమించు ఇరువది సంవత్సరములు పట్టెను. 1945లో ఇంగ్లండునందు హెరాల్డు లీక్ అను నాతడు నూటికి 0.1 వంతు మాత్రమే వికృతిగల ఆంప్లిఫయరును ప్రకటించి, దానికి ఆ యంకెనే పేరుగా నిడెను. 1947 ఏప్రిలు, మే నెలలలో డి. టి. ఎన్. విలియమ్సన్ అను ఇంజనీరు వైర్‌లెస్ వరల్డు అను పత్రికయందు 15 వాటుల ఆంప్లిఫయరు నిర్మాణమును ప్రకటించెను. దాని వికృతియు నూటికి 0.1 వంతునకు లోపలనే. అభిరుచి గలవారు పెక్కు దేశములలో దానిని స్వహస్తములతో నిర్మించుకొనిరి. 1953లో పీటరు వాకరు సంస్థ వెలువరించిన క్వాడ్ 2 అను వాల్వు ఆంప్లిఫయరు సైతము 15 వాటులదే. నేటికిని దానిని పదిలముగా కాపాడుకొని వినువారు కలరు.

ఇంతలో 1947 డిసెంబరు నెలలో బెల్ ప్రయోగశాలయందే ట్రాన్సిస్టరు పుట్టెను. దీనికి వేడెక్కు తీగ అక్కఱలేదు, గాజుబుడ్డి అక్కఱలేదు, వాల్వునకు స్పీకరునకు నడుమ నుంచవలసిన బరువైన ట్రాన్సుఫార్మరు అక్కఱలేదు. 1960ల నాటికి ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరులు వ్యాపించెను. కాని మొదట వచ్చినవానిలో పెక్కింటి నాదము గరుకుగా నుండెను. కారణమును గ్రహించుటకు ఆంప్లిఫయరులలోని తరగతులను తెలిసికొనవలెను.

పెద్ద దూలమును కోయుటకు రంపమునకు ఇరుప్రక్కల ఇద్దరు నిలుతురు. ఒకడు తనవైపునకు లాగును. పిమ్మట రెండవవాడు తనవైపునకు లాగును. ఆంప్లిఫయరు చివర నుండు రెండు ట్రాన్సిస్టరులు తరంగము ఎగువ సగమును ఒకటి, దిగువ సగమును మఱియొకటి లాగుచు నిట్లే పని చేయును. ఇద్దరును ఒక్క క్షణమైనను పట్టు విడువక, ఎదుటివాడు లాగునప్పుడును బిగువు నిలుపుచుండినచో అది "ఎ" తరగతి. కోత నున్నగా సాగును. కాని వారి శ్రమలో హెచ్చుభాగము వ్యర్థము. తన వంతు ముగియగానే పట్టు పూర్తిగా విడిచినచో అది "బి" తరగతి. శ్రమ తగ్గును, కాని ఒకడు విడిచి యొకడు పట్టుకొను క్షణమున రంపము ఒక వెండ్రుకవాసి తడబడును. వంతు మాఱునప్పుడు మాత్రము కొంచెముసేపు ఇద్దరును పట్టియుండినచో అది "ఎబి" తరగతి. నేడు ఇండ్లలోనున్న ఆంప్లిఫయరులలో చాల భాగము ఈ మూడవ రకమునకు చెందినవి.

ఆనాటి ట్రాన్సిస్టరు యంత్రముల గరుకుదనము చాలవఱకు ఈ తడబాటువలననే కలిగెను. అది తరంగము శూన్యమును దాటు చోట జరుగును గనుక, గట్టిగా పాడునప్పటికంటె మెల్లగా పాడునప్పుడే హెచ్చుగా వినబడును. వీణతీగ నాదము సన్నగిల్లి నిశ్శబ్దములో లీనమగు చోట ఇసుక రాలినట్లు తోచును. పూర్తి శక్తివద్ద తీసిన కొలతలో ఈ దోషము కానరాకుండుటయు సంభవమే. కొలతపత్రము మంచిదనియు, చెవి చెడ్డదనియు చెప్పిన ఆ కాలమున చెవి చెప్పినదే నిజమయ్యెను.

ఈ తడబాటును పోగొట్టుటకు ఇంజనీరులు వేర్వేఱు త్రోవలు త్రొక్కిరి. కొందరు ఖర్చునకు వెఱవక "ఎ" తరగతికి పోయిరి. 1977లో అమెరికానందు వెలువడిన మార్కు లెవిన్సన్ ఎమ్ఎల్-2 అట్టిది. ఒక్కొక్క చెవికి ఒక్కొక్క బరువైన పెట్టె. ఒక్కొక్క పెట్టెకు 25 వాటులు మాత్రమే. వేడిని వెలుపలికి పంపుటకు చుట్టును లోహపు రెక్కలు. క్వాడ్ సంస్థవారు 1975లో తమ 405 అను యంత్రమున వేఱొక త్రోవ నవలంబించిరి. అందు మోటుపనిని పెద్ద ట్రాన్సిస్టరులు చేయును; ఒక చిన్న నిర్దుష్టమైన ఆంప్లిఫయరు వాని తప్పులను దిద్దుచుండును. ఇంక సామాన్యులైన తయారీదారులు మంచి ట్రాన్సిస్టరులు చౌకగా దొరకుటతో "ఎబి" తరగతినే క్రమముగా నున్నగా చేసికొనిరి.

నాలుగవది "డి" తరగతి. ఇందు తూము తలుపు సగము తెఱచుట అనునదే లేదు. పూర్తిగా తెఱచుట, పూర్తిగా మూయుట; ఇట్లు సెకనుకు నాలుగైదు లక్షల మాఱులు జరుగును. తెఱచియున్న కాలమునకును మూసియున్న కాలమునకును గల నిష్పత్తి సంగీతముననుసరించి మాఱుచుండును. చివర నున్న తీగచుట్ట, కెపాసిటరు ఆ కుదుపులను సమముగా చేసి నున్నని తరంగముగా మార్చును. తీసికొనిన విద్యుత్తులో నూటికి 90 వంతులవఱకు స్పీకరునకు చేరును. వెనుకటి "డి" తరగతి యంత్రములు సంగీతమునకు తగవని పేరుపడెను. కాని 2001 ప్రాంతమున ఫిలిప్సు సంస్థయందు పని చేయుచు బ్రూనో పుట్సేస్ అను ఇంజనీరు కల్పించిన పద్ధతియు, దాని వెనుక వచ్చిన మెఱుగులును ఈ యపవాదును తొలగించినవి. ఇప్పుడు కొలతకు మిక్కిలి నిర్మలములని తేలు ఆంప్లిఫయరులలో కొన్ని ఈ తరగతివియే.

ఇక రెండవ ప్రశ్నకు వత్తము. చెఱువులో నీరెంత? వాటుల సంఖ్యను చూచి మోసపోవుట సులభము. ఒకప్పుడు మన అంగళ్లలో చిన్న ప్లాస్టిక్కు పెట్టెలమీద వేయి వాటులు, రెండువేల వాటులు అని "పి.ఎమ్.పి.ఓ." అను అక్షరములతో అచ్చువేసి యమ్ముచుండిరి. అది ఏ నియమమునకును లోబడని సంఖ్య. అమెరికాదేశ ప్రభుత్వము ఇట్టి ప్రకటనలను అరికట్టుటకు 1974లోనే ఒక నియమమును చేసెను. 2024లో దానిని సవరించి, 8 ఓముల భారముపై, 20 హెర్ట్జులనుండి 20,000 హెర్ట్జులవఱకు, నూటికి 1 వంతునకు లోబడిన వికృతితో నిరంతరముగా నీయగల శక్తినే చెప్పవలెనని నిర్దేశించెను. మన మే దేశమున కొనినను అడుగవలసిన ప్రశ్న యదియే. ఎన్ని ఓములమీద, ఎంత వికృతితో, రెండు చెవులవైపులను ఒక్కసారి నడపుచు, ఎన్ని వాటులు?

మనకు నిజముగా ఎన్ని వాటులు కావలెను? లెక్క కష్టము కాదు. శబ్దబలమును డెసిబెలులలో కొలుతురు. శక్తిని రెండింతలు చేసినచో 3 డెసిబెలులు మాత్రమే పెరుగును. పదింతలు చేసినచో 10 డెసిబెలులు పెరుగును, అప్పుడు చెవికి సుమారు రెండింతల గట్టిగా తోచును. సామాన్యమైన స్పీకరు 1 వాటు ఇచ్చినప్పుడు 1 మీటరు దూరమున 87 డెసిబెలుల నాద మిచ్చుననుకొందము. 3 మీటరుల దూరమున కూర్చున్నవారికి, రెండు స్పీకరులను, గోడల ప్రతిధ్వనిని గూడ కలుపుకొని, ఇంచుమించు 83 డెసిబెలులు చేరును. నెమ్మదిగా వినువారికి సగటున 73 డెసిబెలులు చాలును. అనగా ఒక్క వాటులో పదవ వంతు! కాని మృదంగముమీది దెబ్బ క్షణకాలము సగటుకంటె 20 డెసిబెలులు పైకి పోవచ్చును. దానికి నూఱు రెట్లు శక్తి కావలెను. అనగా 10 వాటులు. ఇంకను గట్టిగా, సగటున 83 డెసిబెలులవద్ద వినువారికి ఆ దెబ్బకు 100 వాటులు కావలెను.

ఈ లెక్కనుండి రెండు సంగతులు స్పష్టమగుచున్నవి. మనము వినునది చాలవఱకు మొదటి వాటులోనే యున్నది గనుక ఆ మొదటి వాటు నిర్మలముగా నుండవలెను. తక్కిన వాటులన్నియు శిఖరముల కొఱకు దాచియుంచిన నిలువ. 60 వాటుల యంత్రమునకును 80 వాటుల యంత్రమునకును గల భేదము 1.25 డెసిబెలులు మాత్రమే. ఆ స్వల్పమునకై వెల రెండింతలు చేయుట అవివేకము. నిలువ చాలనప్పుడు మాత్రము తరంగ శిఖరము తెగిపోయి మృదంగము అట్టపెట్టెవలె మ్రోగును. అట్టిచోట పెద్ద ఆంప్లిఫయరుయొక్క మేలు ఎవరికైనను వినబడును.

స్పీకరుయొక్క ఇంపెడెన్సు, అనగా విద్యుత్తునకు అది చూపు నిరోధము, 8 ఓములని వ్రాయబడినను ఒక్క స్వరమునకు 4 ఓములు, మఱియొక స్వరమునకు 30 ఓములు కావచ్చును. 8 ఓములమీద 100 వాటులిచ్చునది 4 ఓములమీద 200 వాటులకు చేరువగా ఇచ్చినచో దాని చెఱువు లోతైనదని తెలియవలెను. గొప్ప యంత్రములలో వెలయొక్క ఒక భాగము ఇందులకే పోవును. పెద్ద ట్రాన్సుఫార్మరు, పెద్ద కెపాసిటరులు, వేడి వెలుపలికి పోవుటకు మందమైన లోహపు రెక్కలు. తక్కిన భాగము ముందువైపు అల్యూమినియపు పలకకును, కొలదిమంది కొఱకు చేతితో చేయు పనికిని, పేరునకును పోవును.

ఇక వాల్వు ఆంప్లిఫయరుల మాధుర్యమను ప్రసిద్ధి సంగతి. ఇందు రహస్యము రెండు చోట్ల నున్నది. మొదటిది యంత్రముయొక్క స్వంత నిరోధము. ఒక వాల్వు యంత్రమునకు 2 ఓముల స్వంత నిరోధ మున్నదనుకొందము. స్పీకరు 30 ఓములుగా నున్న స్వరమువద్ద ఇంచుమించు వోల్టేజి యంతయు దానికి చేరును. 4 ఓములుగా నున్న స్వరమువద్ద మూడింట రెండు వంతులే చేరును. ఈ రెండు స్వరముల నడుమ సుమారు 3 డెసిబెలుల భేదము పుట్టును. 0.05 ఓముల నిరోధముగల ట్రాన్సిస్టరు యంత్రముతో ఆ భేదము 0.1 డెసిబెలు మాత్రమే. కావున వాల్వు యంత్రము ఒక్కొక్క స్పీకరుతో ఒక్కొక్క తీరుగా పాడును. ఒక యింట అది ఇంపుగా నుండి, మఱియొక యింట మందముగా నుండుటకు కారణ మిదియే.

రెండవది వికృతియొక్క స్వభావము. ఆంప్లిఫయరు చేర్చు వికృతి మూలస్వరమునకు అనుస్వరముల రూపమున వచ్చును. రెండవ అనుస్వరము షడ్జమునకు పై షడ్జము; మూడవది దానిపైని పంచమము. ఇవి తంబురలో సహజముగనే వినబడునవి. కొంచెము చేరినను చెవికి నిండుదనముగ తోచును. ఏడవది, తొమ్మిదవది మొదలైన పై అనుస్వరములు అల్పముగ నున్నను గరుకుగా తోచును. సరళములైన వాల్వు యంత్రములు మొదటి రకపు వికృతిని హెచ్చుగా చేర్చును. అందువలన నూటికి 1 వంతు వికృతిగల వాల్వు యంత్రము, నూటికి 0.1 వంతు వికృతిగల చెడ్డ ట్రాన్సిస్టరు యంత్రముకంటె ఇంపుగా నుండవచ్చును. కాని ఆ నిండుదనము గాయకుడు పాడినది కాదు, యంత్రము కలిపినది. వంటలో నెయ్యి వలె దానిని ఇష్టపడుటలో దోషము లేదు; అది నెయ్యియని తెలిసి వడ్డించుకొనిన చాలును.

అట్లయినచో నిర్దుష్టములైన రెండు ఆంప్లిఫయరుల భేదము చెవికి తెలియునా? ఇందును గూర్చి రెండు ప్రసిద్ధ పరీక్షలు కలవు. 1985లో అమెరికాయందు బాబ్ కార్వరు అను నిర్మాత, స్టీరియోఫైల్ పత్రికవారికి ఇష్టమైన మిక్కిలి వెలగల వాల్వు యంత్రముయొక్క నాదమును తన తక్కువ వెల ట్రాన్సిస్టరు యంత్రముచేత పలికించెదనని పందెము పలికెను. రెంటినుండి వెలువడు తరంగములను ఒకదానినుండి మఱియొకటి తీసివేసి, మిగులు శేషము సున్నకు చేరువయగువఱకు తన యంత్రమును దిద్దెను. పిమ్మట ఆ పత్రిక సంపాదకులు రెంటిని విని వేఱుచేయలేకపోయిరి. 1987 జనవరిలో స్టీరియో రివ్యూ అను పత్రిక సుమారు 220 డాలరుల రిసీవరునుండి 12,000 డాలరుల వాల్వు యంత్రములవఱకు ఆఱింటిని, పేర్లు తెలియనీయక వినిపించిన పరీక్షా ఫలితములను ప్రకటించెను. శ్రోతలు నమ్మదగినంతగా వానిని వేఱుచేయలేకపోయిరి.

ఈ ఫలితములను ఉన్నంతకుమించి చాచరాదు. ఆయా యంత్రములు తమ శక్తికి లోబడి నడచినప్పటి మాట యిది. శిఖరములు తెగునంత గట్టిగా నడపినప్పుడును, కఠినమైన స్పీకరును తగిలించినప్పుడును భేదములు నిజముగా నుండును. ఒక పరీక్షలో తెలియలేదు గనుక ఎన్నడును ఉండదని సిద్ధాంతము చేయుటయు కూడదు. కాని ఒక్క సంగతి నిలిచినది. పేరు, వెల కన్నులయెదుట నున్నప్పుడు ఆకాశమునకు భూమికి వలె తోచిన భేదము, తెఱవేయగానే మిక్కిలి చిన్నదగును, లేక మాయమగును.

కావున మీరు పోల్చునప్పుడు పాటింపదగిన నియమములు చెప్పెదను. రెండు యంత్రముల శబ్దబలమును సమానము చేయుట మొదటిది. చెవికి అర డెసిబెలు హెచ్చు గట్టిదనముగా తెలియక మెఱుగుగా తెలియును. ఒక యంత్రమును కొంచెము పెద్దగా పెట్టి వినిపించుటయే అమ్మకపుదారుల ప్రాచీన విద్య. స్పీకరు కొనలవద్ద వోల్టుమీటరు నుంచి, ఒకే స్వరము మ్రోయించి, 0.1 లేక 0.2 డెసిబెలు లోపల, అనగా వోల్టులలో నూటికి ఒకటి రెండు వంతుల లోపల సమము చేయవలెను. ఏది మ్రోగుచున్నదో మీకు తెలియకుండునట్లు మఱియొకరు మార్చుట రెండవది. మీకు చిరపరిచితమైన పాటను, అదియు కొలది క్షణముల భాగమును, మరల మరల వినుట మూడవది. పదిమాఱులలో తొమ్మిది మాఱులైనను సరిగా చెప్పగలిగినచో భేదము కలదని నమ్మవచ్చును. ఐదాఱు మాఱులే చెప్పగలిగినచో నాణెము నెగురవేసినట్లే. ఈ పరీక్షకు ఒప్పుకొనని అంగడిలో తొందరపడి కొనవలదు. భేదము తెలియనిచో అది మీ చెవి లోపము కాదు. సొమ్ము మిగిలినదని సంతసింపుడు.

మన వాతావరణమును గూడ మఱువరాదు. ఎల్లవేళల 300 వాటుల విద్యుత్తును త్రాగు "ఎ" తరగతి యంత్రమును దినమునకు 4 గంటలు నడపినచో 1.2 యూనిట్లు, నెలకు 36 యూనిట్లు ఖర్చగును. ఆ శక్తి యింతయు ఇంచుమించు వేడిగా మారి గదిలోనే యుండును. బెజవాడ రోహిణీకార్తె యెండలలో అట్టి పొయ్యిని గదియందు నిలుపువారు దానిని చల్లార్చుటకు మఱికొంత విద్యుత్తును వ్యయపఱుపవలెను. వాల్వులు కొన్నివేల గంటలకు అరిగి మార్పు కోరును. ఏ యంత్రమునైనను గాలి యాడని బీరువాలో నుంచినచో కెపాసిటరులు త్వరగా ఎండును. కావున మరమ్మతు చేయువాడు చేరువలో నున్నాడా అని విచారించుట, వికృతి నూటికి 0.01 వంతా 0.001 వంతా అని విచారించుటకంటె ప్రయోజనకరము.

వ్యయక్రమమును గూర్చి నా యభిప్రాయ మిది. మొదట స్పీకరులు, ఏలయన స్పీకరుల వికృతి మంచి ఆంప్లిఫయరు వికృతికి పదులకొలది రెట్లుండును, ఒకదాని నాదమునకు మఱియొకదాని నాదమునకు గల భేదము పిల్లలకును తెలియును. పిమ్మట గది. నున్నని గోడలు, గచ్చునేల గల గదిలో ఒక మందపు తివాచి, ఒక పుస్తకముల బీరువా, స్పీకరులను గోడనుండి రెండు మూడడుగులు ఇవతలకు జరుపుట చేయు మేలును ఏ ఆంప్లిఫయరును చేయజాలదు. ఆ తరువాతనే ఆంప్లిఫయరు. మీ స్పీకరులకును మీ గదికిని లెక్కకట్టి, చాలినంత శక్తిగలది, నిశ్శబ్దములో రొద చేయనిది, వేడికి తాళునది, బాగుచేయువాడు దొరకునది.

ఇంతకుమించి వెలపెట్టువారు తప్పు చేయుచున్నారని నేననను. ఇరువది ముప్పది సంవత్సరములు చెడక నడచు నిర్మాణము, చేతికి ఇంపైన మీట, చీకటిలో వెలుగు వాల్వుల యందము, శ్రద్ధతో చేసిన వస్తువు ఇంట నున్నదను తృప్తి, ఇవియు విలువగలవే. వానికి వెల యిచ్చుచున్నామని యెఱిగి యిచ్చినచో మోసము లేదు. నాదమునకని చెప్పి తీసికొనినప్పుడే మోసము. ఒకానొక గృహస్థుడు కూడబెట్టిన లక్షలో సగము మంచి స్పీకరులకును, పాతికవంతు ఆంప్లిఫయరునకును వెచ్చించి, మిగిలిన పాతికవంతుతో రికార్డులు కొనుక్కొని కచ్చేరీలకు పోయినచో, అతడు ఆ లక్షను మొత్తము ఒక్క పెట్టెపై పెట్టినవానికంటె హెచ్చు సంగీతమును వినును. ఆంప్లిఫయరు కొనునది సంగీతము వినుటకే గదా!